ఆచార్యపీఠము విడిచి పత్రికకు

బోధనావృత్తి విడిచి యెవరైనను పత్రికలో చేరినచో, "పాపము, మంచి యుద్యోగము పోగొట్టుకొనిరి" అని జాలిపడువారు మనలో నింకను గలరు. ఈ జాలి యనవసరమని మా యభిప్రాయము.

శ్రీ సంజయ బారు గారి వృత్తాంతము చూడుడు. వీరి తండ్రి బి. పి. ఆర్. విఠల్ గారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున ఆర్థిక, ప్రణాళికా వ్యవహారములను నడిపిన యధికారి. బారు గారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించుచు, భారతదేశపు చక్కెర పరిశ్రమపై గ్రంథము రచించిరి. 1990 ప్రాంతమున పీఠము విడిచి ఎకనామిక్ టైమ్స్‌లో చేరిరి. పిదప ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్, బిజినెస్ స్టాండర్డ్ పత్రికలకు సంపాదకులైరి. నడుమ 2004 మొదలు 2008 వరకు ప్రధాని మన్మోహన్ సింగు గారికి పత్రికా సలహాదారుగా నుండిరి.

వారు పత్రికారంగమున కాలిడిన కాలము సామాన్యమైనది కాదు. 1991లో దేశమున విదేశీ ద్రవ్యము అడుగంటెను. జూలై మాసమున రూపాయి విలువను రెండు మారులు తగ్గించిరి. సుమారు 47 టన్నుల బంగారమును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునకు పంపి యప్పు తెచ్చిరి. ఇది పండితులకే తెలియు సంగతి యనుట పొరపాటు. ప్రొద్దుటూరిలో భార్య నగ కుదువపెట్టి వేరుశనగ విత్తనము కొన్న రైతున కిది చెప్పిన తక్షణమే బోధపడును. చెప్పువారు కావలెను, అంతియే. ఆ సంవత్సరపు చరిత్రమును, అందు పి. వి. నరసింహారావు గారి పాత్రను బారు గారు 2016లో పుస్తకముగా వెలువరించిరి.

అయిన నొక కొరత చెప్పక తప్పదు. వారు నడిపిన పత్రిక లాంగ్లపత్రికలు. ఆ రైతు వానిని చదువనేరడు. ఈ విషయమున పరకాల ప్రభాకర్ గారి మార్గము మాకు మరింత ప్రీతికరము. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేటు పొందిన వీరు, ఈటీవీ-2లో "ప్రతిధ్వని" యను చర్చాకార్యక్రమమును తెలుగున నడిపిరి. వారి రాజకీయాభిప్రాయములతో నెవరికైనను పేచీ యుండవచ్చును. అది వేరు మాట. అక్షరములు రానివానికిని చెవులుండును గదా!

వేముల ప్రాంతమున అరటి, చీనీ తోటలు విస్తారము. ఒకనాడు తరగతిలో, గిరాకి సరఫరాల సూత్రమును తడబడక యొప్పగించిన బాలుని, "మీ తోటలో గెల ధర యేల పడిపోయినది? పట్టణమున పండు ధర యేల తగ్గలేదు?" అని యడిగితిమి. వాడు తల వంచుకొని నిలిచెను. వానికి మార్కులు తగ్గించుటకు మాకు చేయి రాలేదు. ఆ ప్రశ్నకు వాని తండ్రి కర్థమగునట్లు సమాధానము చెప్పుట నాడు మాకును చేతకాలేదు.