గిల్టుకున్న నిజాయితీ

చిలకలపూడి గిల్టునగ ధగధగలాడుతుంది గానీ, పైపూతేనని కొనేవాళ్లకీ తెలుసు. పక్కనున్న పెడనలో 2013లో తేలిన నకలు వేరు. ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే నెట్‌లోకెక్కింది. పోలీసులు ఆరా తీస్తూ ఆ ఊరి సీడీల కొట్టుదాకా వచ్చారు. అక్టోబరు విడుదలను సెప్టెంబరు 27కి జరిపారు. అయినా కాసుల వర్షమే. ఇంకేం, పైరసీతో పోయేదేముందన్న వాళ్లకు నోరొచ్చింది! పవన్ కల్యాణ్ సినిమా గనక తట్టుకుంది. అదే పెడనలో గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి, ఆరబెట్టి, చెక్క అచ్చుతో ఒక్కో రంగూ అద్దే కలంకారీ పనివాడి సంగతేంటి? అతని డిజైను వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లి, స్క్రీన్‌ప్రింటు చీరై చవగ్గా తిరిగొస్తుంది. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటే, ‘ఆ రేటుకిస్తావా మరి?’ అంటాడు కొట్టువాడు.