కరచిన నేరమెవరిది?

మహాభారతము ఆదిపర్వమున సరమ కథ యొకటి కలదు. సరమ యను దేవశునకము కొడుకు సారమేయుడు జనమేజయుని యాగశాలకు పోయెను. అతడు హవిస్సును చూడలేదు, ముట్టలేదు. అయినను జనమేజయుని తమ్ములు వానిని కొట్టి తరిమిరి. సరమ వారియెదుట నిలిచి, తప్పు చేయని పసివానినేల కొట్టితిరని యడిగెను. ఉత్తరము రాలేదు. అంతట నామె, మీకు ఊహింపని భయము కలుగునని శపించి పోయెను. కారణము విచారింపక దండించుట తగదని యీ కథ బోధించుచున్నది. కుక్కల విషయమున లోకము ఈ పాఠమును నేటికిని పూర్తిగా నేర్వలేదు.

'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' యని సామెత. కాటు పడినవెంటనే దెబ్బ పడును గాని, కాటు ఎందుకు పడినదని యడుగువారు అరుదు. కుక్కకు మాట లేదు గాని భాష కలదు. చెవులు వెనుకకు వాల్చుట, తోకను కాళ్ళనడుమ ముడుచుట, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుట భయమునకు గుర్తులు. దేహము బిగబట్టి, రెప్ప వాల్చక చూచుచు గుఱ్ఱుమనినచో అది దూరముగా నుండుమను హెచ్చరిక. తోక యూపిన ప్రతి కుక్కయు స్నేహమునే కోరుచున్నదనుకొనుట పొరపాటు. ఉద్రేకమునందును అది తోక నాడించును. గుఱ్ఱుమన్నందులకు కొట్టినచో దాని భయము పోదు, హెచ్చరిక మాత్రమే పోవును. మరియొకనాడు అది చప్పుడు చేయకయే కరచును.

కుక్క ప్రవర్తనలో అభ్యాసమునకు గొప్ప పాత్ర కలదు. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ (1849–1936) కుక్కకు ఆహారము పెట్టుటకు ముందు మరల మరల ఒక ధ్వనిని వినిపించెను. కొంతకాలమునకు ఆహారము లేకున్నను ఆ ధ్వని మాత్రముననే దాని నోట లాలాజల మూరెను. అట్లే క్రొత్తవారు వచ్చినప్పుడెల్ల దెబ్బ తినిన కుక్కకు క్రొత్తవారి రాకయే భయకారణమగును. అమెరికా శాస్త్రజ్ఞులైన స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథమున, కుక్కపిల్లకు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము మిక్కిలి ముఖ్యమని చూపిరి. ఆ దినములలో మనుష్యుల చెలిమి యెరుగక పెరిగినది పిమ్మట వారిని చూచి బెదరును. బెదరినది కరచుటలో వింత లేదు.

ఆ పిల్లను ఒంటరిగా గొలుసున కట్టినదెవరు? కావలికి కోపము కావలెనని బాటసారులపై ఉసికొల్పినదెవరు? యజమానియే. కొన్ని జాతులు పుట్టుకతోనే క్రూరములు, పెంచినవాడేమి చేయునని కొందరందురు. జాతులయందు స్వభావమును, బలమును భేదించుట నిజమే. కాని ఆ మాట యజమాని భారమును తగ్గింపదు, పెంచును. పొగరుబోతు ఎద్దును బండికి కట్టువాడు మరింత గట్టి పగ్గము చూచుకొనవలదా?

చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, ఎల్లప్పుడును కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుట నేరము. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 291వ విభాగము, తన జంతువువలన ఇతరులకు ప్రాణాపాయముగాని తీవ్రగాయముగాని కలుగకుండ జాగ్రత్తపడనివానికి ఆరు నెలల వరకు చెరసాల, ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించుచున్నది. కుక్కయెడ ధర్మమొకటి, పొరుగువారియెడ ధర్మమొకటి. యజమాని రెండింటికిని బద్ధుడు.

రేబీస్ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట మిక్కిలి అరుదు. కావున కుక్కకు ఏటేట టీకా వేయించుట యజమాని విడువరాని విధి. కాటు పడినచో గాయమును సబ్బుతో, పారు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. గాయమునకు కారము, సున్నము పూయరాదు.

బాలబాలికలకును కొంత బాధ్యత కలదు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలతోనున్న కుక్కను సమీపింపరాదు, రాళ్ళు రువ్వరాదు. అయినను పెంపుడు కుక్క కరచిన దినమున ముందుగా ప్రశ్నింపవలసినది దానిని కాదు, దానిని పెంచినవానిని.