కారు వణికితే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

మోకాళ్ల నొప్పులవల్లనో, ఊళ్లో రద్దీవల్లనో మన ఇళ్లలోకి ఆటోమేటిక్ కార్లు బాగానే వచ్చాయి. హాయిగానే ఉంటాయి. కానీ ఒకనాడు కారు వణుకుతుంది. వర్క్‌షాపువారు "గేర్‌బాక్స్ దించాలండీ" అంటారు. ఖర్చు వినగానే మనకూ వణుకు మొదలవుతుంది. సరేననేముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

మొదట మీ కారులో టార్క్ కన్వర్టర్ ఉందో లేదో కనుక్కోండి. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ రకంలో అది ఉండదు.

తిరిగే టేబుల్ ఫ్యాను ఎదుట ఆపిన ఫ్యానును పెడితే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా! టార్క్ కన్వర్టర్ అంతే. గాలికి బదులు ఆయిల్. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. వణుకు తరచు అక్కడే పుడుతుంది.

60, 70 కిలోమీటర్ల వేగంలో నిలకడగా పోతుంటే గతుకుల మీద పోయినట్టుందా? అనుభవమున్న డ్రైవరుచేత ఖాళీ రోడ్డు మీద ఒక పరీక్ష చేయించండి. యాక్సిలరేటర్ కదపకుండా, బ్రేకు లైటు వెలిగేంతమాత్రం పెడల్ తాకాలి. చాలా కార్లలో అప్పుడు లాకప్ విడిపోతుంది. వణుకు ఆగితే అనుమానం లాకప్ మీదికి పోతుంది. ఇంజను మిస్ అయినా ఇలాగే ఉంటుంది గనుక ప్లగ్గులూ చూపించండి.

సిగ్నల్ దగ్గర ఆపగానే ఇంజను ఆగిపోతుంటే లాకప్ విడవడం లేదేమో. బయలుదేరేటప్పుడు మందంగా ఉండి, వేగంలో బాగుంటే లోపలి స్టేటర్‌ను అనుమానించాలి.

ఇక ఆయిల్. కొత్తది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే పాడైనట్టే. లోహపు రజను మెరుస్తుంటే విప్పక తప్పదు. రజను లేకపోతే, కారు పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే మార్పించి చూడండి. ఒక్కోసారి వణుకు దానితోనే పోతుంది.

వర్క్‌షాపులో రెండే ప్రశ్నలు అడగండి: "ఆయిల్ చూశారా? స్కానర్‌లో ఏ కోడ్ వచ్చింది?" పీ0741 వస్తే అది లాకప్‌కు సంబంధించినదే. ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాసి ఇచ్చాకనే విప్పడానికి ఒప్పుకోండి.

అలాగని వాయిదా వేయకండి. అరిగిన రజను ఆయిల్‌తోపాటు గేర్‌బాక్సంతా తిరుగుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలిదాకా ఎందుకు?