తండ్రి సంతకం

పాలు తాగుతూ ఆయాసపడే బిడ్డకు గుండెలో రంధ్రం వుందేమోనని డాక్టరు అనుమానిస్తే, మైపాడు, జువ్వలదిన్నె వంటి నెల్లూరు తీర గ్రామాలలో ఆసుపత్రుల చుట్టూ తిరిగేది ఎక్కువగా తల్లే. ఆ రోజు చేపల గంప ఎత్తదు, రాబడి వుండదు. గ్రహణం నాడు బయట తిరిగావా, మేనరికం ఎందుకు చేసుకున్నావు అన్న ప్రశ్నలూ ఆమెకే. (గ్రహణానికి ఏ సంబంధమూ లేదు. మేనరికానికి కొంత వుండవచ్చు, కానీ అది ఇద్దరూ చేసుకున్నదే!) 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, 2021లో తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి మొదలయ్యాక ఆపరేషను ఖర్చు భయం కొంత తగ్గింది. పరీక్షల రోజుల కష్టం అలాగే వుంది.

ఎకో పరీక్షకు నొప్పి వుండదు, కానీ బిడ్డ కదలకూడదు. అందుకని పసిపిల్లలకు తరచు నిద్రమందు ఇస్తారు. దానికి ముందు కొన్ని గంటలు పాలివ్వకూడదు. ఆకలికి ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని వరండాలో తిరుగుతున్న తల్లి చేతికి అంగీకార పత్రం ఇచ్చి 'తండ్రేడీ?' అంటే ఆమె ఏం చెప్పాలి? అతను వేటకెళ్ళి సముద్రం మీద వున్నాడు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరవ సెక్షను తండ్రిని సహజ సంరక్షకుడిగా, 'అతని తర్వాత' తల్లిని పేర్కొంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత'కు తండ్రి చనిపోయాక అని కాదు, అతను లేనప్పుడు అని అర్థం చెప్పింది. ఆ లేకపోవడం తాత్కాలికమైనా సరే. వేటకెళ్ళిన మనిషి లేనట్టే కదా! కోర్టు సెక్షనును కొట్టివేయలేదు, తల్లిని తండ్రితో సమానం చేయలేదు. ఆ అసంతృప్తి మనకు వుంది. అయినా వరండాలో వాదించడానికి ఈ తీర్పు పనికొస్తుంది.

మీ దగ్గరి ఆసుపత్రుల అంగీకార పత్రాలు తెచ్చి చదవండి. 'తండ్రి సంతకం' అని అచ్చయి వుంటే 'తల్లి లేదా తండ్రి' అని మార్చమని సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక నకలు మాకూ పంపండి.