చదవని ఉత్తరం – తప్పిన తారీఖు

‘తారీఖు’ అనే మాట అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోనికి వచ్చి స్థిరపడింది. ఉర్దూలో ఆ మాటకు రెండర్థాలున్నవి. ఒకటి తేదీ, రెండవది చరిత్ర. తెలుగు మాత్రం మొదటి అర్థాన్నే స్వీకరించింది. అయితే ఒక తారీఖు తప్పితే ఒక మనిషి చరిత్రే మరొక దారి పట్టవచ్చునని గత విద్యాసంవత్సరంలో జరిగిన ఒక చిన్న సంఘటన నాకు బోధించింది. దానిని విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం వారి ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా తరగతిలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని మాదాపూర్‌లోని ఒక సంస్థలో ఉద్యోగానికి వ్రాతపరీక్ష వ్రాసి నెగ్గింది. బుధవారం ఉదయం 10 గంటలకు మౌఖిక పరీక్షకు హాజరు కావలసినదిగా ఆ సంస్థ వారు ఈ-మెయిల్ పంపినారు. ఆ ఉత్తరం అంతకు ముందు శుక్రవారమే వచ్చింది. ఆమె దానిని చూచినది మాత్రం ఆ బుధవారం గడచిన మరునాడు. కారణమేమంటే, ఆమె ఈ-మెయిల్ చిరునామా ఆమె చేతిలో లేదు. ఇంటర్మీడియట్‌లో ఉపకారవేతనానికి దరఖాస్తు చేసిననాడు వీధి చివర ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆయన దానిని తయారుచేసి ఇచ్చినాడు. పాస్‌వర్డు ఆయన నోటు పుస్తకంలో ఉన్నది. “ఫోనులో మెసేజి వస్తుందనుకున్నాను, సార్” అని ఆమె నా ముందు నిలబడి అన్నప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. ఇంటికి పోవు దారిలో ఆ కోపం సిగ్గుగా మారింది.

సిగ్గు ఎందుకంటే, నేను తెలుగు ఉపన్యాసకుడను. లేఖారచన నా పాఠాలలో ఒకటి. కుడివైపు పైభాగంలో ఊరు, తేదీ వేయవలెనని, సంబోధన ఇట్లా ఉండవలెనని, చివర విధేయతతో సంతకం చేయవలెనని ఏటేటా బోధిస్తున్నాను. మార్కులు కూడా వేస్తున్నాను. కాని నేటి ఉత్తరం ఎక్కడికి వస్తుందో, దానిని ఎట్లా అందుకోవలెనో, అందులోని తారీఖును ఎక్కడ వ్రాసి పెట్టుకోవలెనో ఒక్కనాడూ చెప్పలేదు. మరునాడు తరగతిలో “ఈ వారంలో తమ ఈ-మెయిల్ తెరచి చూచినవారు చేతులెత్తండి” అని అడిగినాను. పదికి మించి చేతులు లేవలేదు. అందరి చేతులలోనూ ఫోనులున్నవి. ఆ ఫోనులలోనే ఈ-మెయిలు, క్యాలెండరు రెండూ ఉచితంగా ఉన్నవి. లేనిది వాటిని వాడే అలవాటు మాత్రమే.

పూర్వం ఉత్తరం వస్తే తపాలా బంట్రోతు గుమ్మం ముందు నిలిచి పేరు పెట్టి పిలిచేవాడు. చదువురాని తల్లికి తానే చదివి వినిపించేవాడు. నేటి ఉత్తరం తలుపు తట్టదు. అది చడీచప్పుడు లేకుండా వచ్చి వరుసలో కూర్చుంటుంది. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు తొలి ఉత్తరం పంపిననాడు అది శాస్త్రజ్ఞుల లోకానికి మాత్రమే చెందిన విషయం. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించినారు. మరుసటి సంవత్సరం సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్‌ను స్థాపించినారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటు ఉచితమని ప్రకటించినప్పుడు, తారీఖును చూచి అది పరిహాసమేమోనని అనుకున్నవారున్నారు. నేడు బ్యాంకు, పాస్‌పోర్టు కార్యాలయం, విశ్వవిద్యాలయం, ఉద్యోగమిచ్చే సంస్థ అన్నీ ఆ చిరునామానే అడుగుతున్నవి.

ఇక మన నగరం సంగతి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినారు. ఆనాటి రాళ్ళగుట్టల నడుమ నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం ఒకే వీధివలె కలిసిపోయినవి. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని 1998లోనే హైదరాబాదులో నెలకొల్పింది. ఉత్తరాలను, తారీఖులను ఒకే చోట చూపే అవుట్‌లుక్ ఆ సంస్థదే. ఆ సంస్థకు 2014 నుండి అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ల ఈ హైదరాబాదులోనే పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివినవాడు. పాతబస్తీ సమీపం నుండి రాయదుర్గానికి నేడు మెట్రో రైలున్నది. మహాత్మా గాంధీ బస్ స్టేషను వద్ద ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలును. దారి దగ్గరైనది, నిజమే. అయితే ఆ భవనాలలోనికి ప్రవేశించే దారి రైలు పట్టాల మీద మొదలు కాదు. చదివిన ఉత్తరం దగ్గర, గుర్తుంచుకున్న తారీఖు దగ్గర మొదలవుతుంది.

ఆ భవనాలలో పని నడిచే తీరును ఒక ఉదాహరణతో చెప్పెదను. అమెరికా పశ్చిమ తీరంలోని ఒక అధికారి ఉదయం 9 గంటలకు సమావేశమని ఆహ్వానం పంపినాడనుకొనండి. మనకు వేసవిలో అది రాత్రి 9:30 అవుతుంది. అక్కడివారు మార్చి రెండవ ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మరల వెనుకకు జరుపుతారు. మన గడియారం మారదు. అందువలన శీతకాలంలో అదే సమావేశం మనకు రాత్రి 10:30 అవుతుంది. ఈ లెక్కను మనిషి తప్పవచ్చును. ఏ ప్రాంతపు గంటలో వ్రాయబడినదో ఆ గుర్తును ఆహ్వానంతోపాటు భద్రపరచే క్యాలెండరు తప్పదు. ఇటువంటి ఆహ్వానాలకు 1998లోనే ఒక ఉమ్మడి పద్ధతి ఏర్పడింది. అందుచేతనే ఒక సంస్థ తయారుచేసిన క్యాలెండరు నుండి పంపినది మరొక సంస్థ క్యాలెండరులో తెరచుకుంటున్నది. ఇందులో మంత్రమేమీ లేదు. పద్ధతిగా వ్రాసిన చిఠ్ఠా మాత్రమే.

ఇది మనకు పరాయి విద్య అని కొందరంటారు. నేనంగీకరించను. దఫ్తరు, దస్త్రం, రోజ్‌నామ్చా అనే మాటలు వాడుకలో సాగిన నగరం ఇది. నిజాం రాజ్యంలో సర్కారు పని ఫసలీ సంవత్సరంతో సాగేది. 1317 ఫసలీ నాటి భూమి శిస్తు చట్టం పేరులోనే ఆ లెక్క నేటికీ నిలిచి ఉన్నది. ఆనాటి గుమాస్తా ఇంటిలో హిజ్రీ నెలను, కచేరీలో ఫసలీ నెలను, రెసిడెన్సీతో ఉత్తర ప్రత్యుత్తరాలలో ఇంగ్లీషు తేదీని, బజారులో పంచాంగపు పండుగను ఏకకాలంలో మనసులో మోసినాడు. అంత దూరం పోనక్కరలేదు. మా అమ్మ బడికి పోయినది తక్కువ. పాలు రాని రోజున గోడ క్యాలెండరు గడిలో పెన్సిలుతో సున్న చుట్టేది. గ్యాసు సిలిండరు వచ్చిన నాడు అడ్డగీత, చీటీ కట్టవలసిన నాడు నక్షత్రం. నెలాఖరున పాలవాడు ఆ గడులను చూచి మారుమాటాడక లెక్క ఒప్పుకొనేవాడు. హైటెక్ సిటీలో లక్షల జీతాలు తీసుకొనేవారు చేస్తున్నదీ ఆమె చేసిన పనే. కొంగుకు ముడి వేసుకొనడం మన స్త్రీలకెవరూ కంప్యూటరు ద్వారా నేర్పలేదు గదా! “యంత్రం వాడితే జ్ఞాపకశక్తి క్షీణిస్తుంది” అనేవారికి కూడా నా సమాధానమిదే. ముడి వేసుకున్నవారికి మరపు తగ్గినది గాని తెలివి తగ్గలేదు.

“వాట్సాప్ ఉండగా ఇవన్నీ ఎందుకు, సార్?” అని విద్యార్థులడుగుతారు. వాట్సాప్ బజారులో ఎదురుపడి చెప్పిన మాట వంటిది. క్షణంలో చేరుతుంది, శుభోదయాల వరదలో క్షణంలోనే కొట్టుకొనిపోతుంది. బాధ్యతగల సంస్థ తన మాటను ఉత్తరంగా పంపుతుంది. మూడు నెలల తరువాత వెదికినా అది తారీఖుతో సహా దొరుకుతుంది. నియామకం, ఫీజు గడువు, ధ్రువపత్రాల పరిశీలన వంటివి అటువంటి చోట ఉండవలసినవే.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూపకపోతే నేను ఉపాధ్యాయుడను కాను. మన కళాశాలలో చదివి నేడు గచ్చిబౌలిలో పనిచేస్తున్న ఒక యువకుడు ఈ మధ్య నన్ను చూడవచ్చి తన ఫోనులో క్యాలెండరు చూపినాడు. సోమవారం నుండి శుక్రవారం వరకు నీలం, పచ్చ, నారింజ రంగుల గడులు. “ఇన్ని పనులు చేస్తున్నావా?” అని అడిగితే, “ఈ రంగులన్నీ ఇతరులు వేసినవే, సార్. ఖాళీగా కనబడితే ఎవరైనా వచ్చి కూర్చుంటారు” అన్నాడు. రాత్రి 11 గంటల వరకు అతని రోజు అతనిది కాదు. అతని తండ్రికి వారానికి రెండు పర్యాయాలు వైద్యశాలలో చికిత్స జరుగుతున్నది. ఆరు నెలలు తమ్ముడే తీసుకొనిపోయినాడు. తరువాత అతడొక పని చేసినాడు. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నాలలో తానే ముందుగా రెండు గడులు వేసి, వాటిని సొంత విషయాలుగా గుర్తుపెట్టినాడు. శుక్రవారపు గడిలో నమాజు, ఆ తరువాత తండ్రితో ప్రయాణం. చూచేవారికి కారణం కనబడదు, తీరిక లేదని మాత్రమే కనబడుతుంది. “ఎవరూ అడగలేదు, సార్. ఇన్నాళ్ళూ నేనే వేసుకోలేదు” అన్నాడు. ఆ సమయానికి బదులు ఉదయం పెందలకడ పని మొదలుపెడుతున్నాడట. కొన్నిచోట్ల ఇది ఇంత సులభంగా సాగకపోవచ్చును. అయినా అడుగకుండానే వదలుకొన్న గంటలు మన జీవితంలో ఎన్ని ఉన్నవో లెక్కించి చూచుకోవలసి ఉన్నది.

కనుక నేను చెప్పదలచినది ఒక్కటే. ఉత్తరం చూచుకొనడం, తారీఖు వ్రాసుకొనడం ధనికుల విలాసం కాదు, పేదవాని రక్షణ. ఉన్నవారి బిడ్డకు ఒక తారీఖు తప్పితే మరొక తలుపు తెరచుకుంటుంది. మన బిడ్డకు ఆ తలుపు మరల తెరచుకొనడానికి సంవత్సరాలు పట్టవచ్చును.

విద్యార్థులు ఆచరించవలసినవి కష్టమైనవి కావు. చిరునామా మీ పేరున, మీ చేతులతో తయారు చేసుకొనండి. పాస్‌వర్డు మరొకరి నోటు పుస్తకంలో ఉండరాదు. దానికి జతపరచిన ఫోను నంబరు నేడు మీ వద్ద ఉన్నదేనా అని సరిచూచుకొనండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉత్తరాలు తెరవండి. దినమంతా తెరచుకొని కూర్చుండడం కూడా వ్యసనమే. ముందు వరుసను చూచి ఊరుకోక, ప్రకటనలకు కేటాయించిన అరను, స్పామ్ అరను కూడా చూడండి. జీమెయిల్‌లో స్పామ్‌లో పడిన ఉత్తరం 30 దినాల తరువాత దానంతటదే తుడిచిపెట్టబడుతుంది. ఒక ఉత్తరం చదివిన తరువాత దాని గతి నిర్ణయించండి: జవాబివ్వవలెనా, దాచవలెనా, పారవేయవలెనా. అందులో తారీఖు ఉన్నట్లయితే ఉత్తరం మూయకముందే క్యాలెండరులో వ్రాసి, వారం ముందు ఒక హెచ్చరిక, ముందురోజు ఒక హెచ్చరిక పెట్టండి. అమ్మకు మందులు తేవలసిన దినం, చెల్లెలి ఫీజు గడువు కూడా ఆ గడులలోనే ఉండవలెను. అవి కూడా పనులే గదా. ఒక చిన్న జాగ్రత్త: క్యాలెండరు హిజ్రీ తేదీలను కూడా చూపగలదు. కాని యంత్రానికి లెక్క తెలుసును, నెలవంక కనబడదు. పండుగ సెలవు అడిగేటప్పుడు ఒక దినం అటు ఇటు కావచ్చునని ముందే వ్రాయండి.

పాలకవర్గం వారికి నా విన్నపం మూడు విషయాలలో. మొదటిది, ప్రవేశం పొందిన ప్రతి విద్యార్థికీ కళాశాల పేరున ఒక ఈ-మెయిల్ చిరునామా ఇవ్వవలెను. రెండవది, పరీక్ష ఫీజు, ఉపకారవేతనాలు, ధ్రువపత్రాల గడువులన్నీ చేర్చిన ఒక ఉమ్మడి క్యాలెండరును కార్యాలయం నిర్వహించవలెను. నోటీసు బోర్డు మీద కాగితం ఉండవలసినదే, కాని బస్సు దొరకక ఆ దినం రాలేకపోయిన విద్యార్థినికి అది కనబడదు. మూడవది, మొదటి నెలలో వారానికొక పీరియడు ఈ విద్యకు కేటాయించవలెను. తెలుగు మాధ్యమం వారికి తెలుగులో, ఉర్దూ మాధ్యమం వారికి ఉర్దూలో చెప్పవలెను. తెలుగు విభాగం పక్షాన ఆ పీరియడ్లు తీసుకొనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, పెద్ద నిధులు అక్కరలేదు.

ఆ విద్యార్థిని సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటర్నెట్ సెంటరుకు పోయి పాస్‌వర్డు మార్చుకొని వచ్చింది. ఆ సంస్థకు క్షమాపణ ఉత్తరం ఎట్లా వ్రాయవలెనని నన్నడిగింది. ఇద్దరం కూర్చొని ఆరు వాక్యాలు వ్రాసినాము. సంబోధన, విషయం, విన్నపం, సంతకం అన్నీ నేను బోధించినట్లే ఉన్నవి. ఆ ఖాళీ అప్పటికే నిండినదని, వచ్చే నియామకాలలో మరల దరఖాస్తు చేయవచ్చునని మర్యాదగా జవాబు వచ్చింది. వచ్చిన గంటలోనే ఆమె దానిని చదివింది. నేను చూస్తుండగానే ఆ నియామకాల నెలను క్యాలెండరులో వ్రాసి, రెండు హెచ్చరికలు పెట్టింది. ఆ తారీఖు ఇంకా రాలేదు. ఆమె మాత్రం సిద్ధంగా ఉన్నది.