ఒకే మెడ

“కాలనీకి కూడా ఎలక్షన్లేందయ్యా? ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఓ మాటనుకుంటే అయిపోయేదానికి!”

సింగరాయకొండ రైల్వేస్టేషన్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన అన్న మాట ఇది. పక్కనున్న అయిదుగురూ తలూపారు. టీ తిరగబోసేవాడు కూడా చెయ్యి ఆపకుండానే ఊపాడు. ఆ అన్నాయన అల్లాటప్పా మనిషి కాదు. మంచి ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాడు. ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖ ప్రూఫులు ఆయనే దిద్దాలి. అంత చదివిన మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు మండింది. గొడవ వేసుకుందామంటే రైలొచ్చేసింది. అందుకని ఇక్కడ వేసుకుంటున్నా.

ఆయనొక్కడి మాటే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. ఇవాళ ఎవర్ని కదిపినా ఇదే పాట. ఓట్లు పెడితే కక్షలట, కులాలట, పార్టీలట, మందు సీసాలట. కాబట్టి పేదల కాలనీకి ఓటు వద్దు, ఏకగ్రీవం ముద్దు. ఈ మాట అనేవాళ్లలో ఒక్కడికీ ఆ కాలనీల్లో ఇల్లు లేదు. ఉన్నా అందులో ఉండడు.

కాలనీలంటే 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి ప్రభుత్వం పేదలకు పంచిన ఇళ్లస్థలాల పట్టాలవి. రాష్ట్రం మొత్తం మీద 30 లక్షలకు పైగా. ఊళ్లలో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటున్నరంటే 72.6 గజాలు. పట్టా ఆడమనిషి పేరు మీద, ఇల్లు కట్టుకోను లక్షా ఎనభై వేలు. ఇవి ఇళ్లు కావు, ఊళ్లు అని గొప్పగా చెప్పారు. నిజమే, కొన్ని ఊళ్లంత ఉన్నాయి. ఆ ఊళ్లకు మొదట జగనన్న పేరు, 2024లో ప్రభుత్వం మారాక ఎన్టీఆర్ పేరు. నాలుగేళ్లలో రెండుసార్లు పేరు పెట్టారు గానీ, అందులో ఉండేవాళ్లను మీ మనిషి ఎవరో మీరు చెప్పండని ఒక్కసారి అడిగినవాడు లేడు.

మా మండలంలోనే అలాంటి కాలనీ ఒకటుంది. పేరెందుకులెండి. మా చెల్లెలికి అక్కడ ఇల్లొచ్చింది. సముద్రం పక్కనే కాబట్టి బోరు నీళ్లు ఉప్పు. గిన్నెలకూ బట్టలకూ అవే, తాగడానికి క్యాను కొనుక్కోవాలి. ఆ ఉప్పునీళ్లకు కూడా ఒక దేవుడున్నాడు. బోరు మోటారు స్టార్టరు పెట్టెకు తాళం, తాళంచెవి కాలనీ సంఘం అధ్యక్షుడి ఇంట్లో మేకుకు వేలాడుతుంటుంది. ఆయన లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగితే నీళ్లు. ఆయన పెళ్లికెళితే లేవు. బిందెలు మాత్రం పొద్దున్నే అయిదింటికే వరసలో ఉంటాయి.

ఈ అధ్యక్షుడు ఎలా అయ్యాడు? ఏకగ్రీవంగా! ఒక ఆదివారం అంగన్‌వాడీ వరండాలో మీటింగన్నారు. వెళ్లినవాళ్ల ముందుకు ఒక పొడుగు నోటుబుక్కు వచ్చింది. “హాజరు, హాజరు” అంటూ తిప్పారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. నీళ్లు ఎప్పుడొదలాలి, వీధి లైట్లు ఎప్పుడేస్తారు అని గంటసేపు మాట్లాడుకుని లేచారు. పది రోజులకు మోటారు కాలిపోయింది. ఇంటికి మూడొందలు ఇవ్వమని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మా చెల్లెలు “ఎవరు చెప్పారు?” అంది. కుర్రాడు నోటుబుక్కు తెరిచి చూపించాడు. సంతకాల పైన ఖాళీగా వదిలిన జాగాలో, వేరే రంగు ఇంకుతో, ఫలానా వారిని అధ్యక్షులుగా ఏకగ్రీవముగా ఎన్నుకొనడమైనది, మరమ్మతుల నిమిత్తం ఇంటికి రూ. 300 వసూలు చేయుటకు తీర్మానించడమైనది అని రాసి ఉంది. కింద పంతొమ్మిదో సంతకం మా చెల్లెలిదే.

“అన్నా, నేను పెట్టింది వచ్చినందుకు సంతకం, ఒప్పుకున్నందుకు కాదు” అంది నాతో. డబ్బు మాత్రం ఇచ్చేసింది. ఇవ్వకపోతే ఆ వీధికి నీళ్లు రావు.

టీ కొట్టు పెద్దమనిషికి నేను చెప్పాలనుకుంది ఇదే. ఆయన ముచ్చటపడే ఏకగ్రీవానికి దగ్గర్నుంచి చూస్తే ఉన్న మొహం ఇది. ఆ మాటనే చూడండి. గ్రీవమంటే మెడ. ఏకకంఠం అంటే అర్థముంది. అందరిదీ ఒకే గొంతు, గొంతు పలుకుతుంది. మెడ పలకదు, వంగుతుంది. రోములో కాలిగులా అనే చక్రవర్తి ఉండేవాడు. ఒకసారి జనం మీద కోపమొచ్చి, రోము ప్రజలందరికీ కలిపి ఒకటే మెడ ఉంటే ఎంత బాగుండేదో అన్నాడట, స్యూటోనియస్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఒక్క వేటుకు తెగిపోతుందని ఆయన ఆశ. రెండు వేల ఏళ్ల తర్వాత మనం ఆ మెడను స్వయంగా తయారుచేసి, నోటుబుక్కులో రాసి, కింద వేలిముద్రలు వేయించి మరీ ఇస్తున్నాం.

ఇది ఏదో మా కాలనీ కుర్రాళ్ల తెలివి కాదు. పైనుంచి వచ్చిన చదువే. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి గుర్తుందా? దానికి ముందు ప్రభుత్వమే పత్రికల్లో ప్రకటనలు వేయించింది. జనాభా 2 వేల లోపు పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలు, 5 వేల లోపైతే 10 లక్షలు, 10 వేల లోపైతే 15 లక్షలు, ఆపైనైతే 20 లక్షలు. అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ అభ్యంతరం చెప్తే ఆయనతోనే పోట్లాటకు దిగారు. ఈ నజరానాల అలవాటు ఆ ఒక్క ప్రభుత్వానిదే కాదు, అంతకుముందు వాళ్లూ ఇచ్చారు. అభ్యర్థి ఓటుకు 500 ఇస్తే నేరం. ఓటు జరగనివ్వకపోతే సర్కారు 20 లక్షలిస్తే ఆదర్శ గ్రామం! ఇంకా ముదిరిన చోట్ల, గుడికి ఎవడెక్కువ ఇస్తానంటే వాడికే సర్పంచి పదవని రచ్చబండ దగ్గర వేలం పాడతారు. పాడినవాడు దేవుడి పేరు చెప్పుకుని అయిదేళ్లలో రాబట్టుకుంటాడు.

వేలం గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనే టంగుటూరులో పొగాకు వేలం కేంద్రం ఉంది. పొగాకు బోర్డు 1976లో వచ్చింది, మన దగ్గర వేలాలు 80ల్లో మొదలయ్యాయి. అంతకుముందు కంపెనీ బయ్యరు ఎంతంటే అంత. ఇప్పుడు రైతుకు అన్యాయాలేమీ జరగడం లేదని నేననను, గ్రేడు దగ్గర్నుంచి రేటు దాకా ఏడుపులే. అయినా అక్కడ ఒక హక్కుంది. పలికిన రేటు నచ్చకపోతే రైతు “అమ్మను” అని బేలు వెనక్కి తీసుకెళ్లొచ్చు. పొగాకు బేలుకున్నపాటి మర్యాద కాలనీలో మనిషికి లేదు. నోటుబుక్కులో “నేనొప్పుకోను” అని రాసే గడి ఎక్కడుంది?

వద్దు అనే గడి ఉండాలంటే చీటీ ఉండాలి. ఆ చీటీ ఎవరూ చూడకుండా వేయాలి. ఇంత చిన్న సంగతి.

దీన్ని ఎగ్గొట్టడానికి మన ప్రభుత్వాలు చేయని విన్యాసం లేదు. 2014 తర్వాత జన్మభూమి కమిటీలన్నారు. అవి ఎవరి పింఛను ఉంచాయో ఎవరిది ఊడగొట్టాయో ఊరికో కథ. 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇళ్లకొక వలంటీరు, నెలకు 5 వేలు. పిల్లలు మంచివాళ్లే, పొద్దున్నే పింఛను తెచ్చిచ్చారు, కాదనను. కానీ వాళ్లను ఆ 50 ఇళ్లవాళ్లు ఎన్నుకున్నారా? 2024లో తెలంగాణలో ఇందిరమ్మ కమిటీలు వచ్చాయి, అవీ నామినేషన్లే. రంగు ఏదైనా నమ్మకం ఒకటే: పేదవాడికి ఇల్లివ్వొచ్చు, పింఛనివ్వొచ్చు, బియ్యమివ్వొచ్చు, తన వీధికి మనిషిని ఎంచుకునే తెలివి మాత్రం వాడికుండదు. అదే పేదవాడు అసెంబ్లీకి ఓటేస్తే ప్రజాతీర్పు! 2023 జూన్‌లో హైదరాబాద్ పక్కన కొల్లూరులో ఒక్కచోట 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ప్రారంభించారు. ఇంటికి నలుగురేసి లెక్కేసుకున్నా అరవై వేల పైచిలుకు జనం, ఒక మున్సిపాలిటీ అంత. అంత ఊరి బాగోగులు చూసే మనిషిని ఎలా ఎన్నుకుంటారని ప్రారంభోత్సవం నాడు ఎవరైనా అడిగినట్టు నేను చదవలేదు.

“వార్డు మెంబరున్నాడుగా, మళ్లీ ఈ పెత్తనమెందుకు?” అంటారు. ఉన్నాడు. తేదీలు చూడండి. పట్టాలిచ్చింది 2020 డిసెంబరు ఆఖరులో, పంచాయతీ ఓట్లు 2021 ఫిబ్రవరిలో. అప్పటికి ఆ లేఅవుట్లలో సర్వే రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏముంది? పాకల ఊళ్లో ఉన్నవాడు పాకలలో, మూలగుంటపాడులో ఉన్నవాడు మూలగుంటపాడులో ఓటేశాడు. తర్వాత ఇల్లు కట్టుకుని ఇక్కడికొచ్చాడు. చాలామంది ఓట్లు ఇప్పటికీ పాత వీధిలోనే ఉన్నాయి. మా చెల్లెలిదీ అంతే. ఆ వార్డు మెంబరు ఎవరో ఆమెకు తెలియదు, ఆయనకు ఆమె తెలియదు.

సంఘం రిజిస్టరు అయింది కదా అనే వాదన మరీ పలచన. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సంతకాలు పెడితే సంఘం పుడుతుంది. మూడొందల గడపల కాలనీకి ఏడు సంతకాల సంక్షేమ సంఘం! ఏడుగురిలో ముగ్గురు బావాబావమరుదులైతే అడిగేవాడెవడు?

ఇక అద్దెవాళ్లు. ఆ టీ కొట్లో తలూపినవాళ్లలో ఒకడు, “రేపు సామాను సర్దుకుని పోయేవాళ్లకు ఓటేంది సార్?” అన్నాడు. ఇదే నాకు అన్నిటికంటే ఒళ్లు మండే మాట. పట్టాదారు తన పాత ఇంట్లోనో హైదరాబాదులోనో ఉంటాడు. అతని ఇంట్లో ఉండేది రొయ్యల షెడ్డుకో, పొగాకు గ్రేడింగుకో, మేస్త్రీ వెంట కూలికో పోయే కుటుంబం. ఉప్పునీళ్లు మోసేది వాళ్లు. కాలవ నిండితే దోమలు కుట్టేది వాళ్ల పిల్లల్ని. మోటారు కాలితే మూడొందలు వాళ్ల దగ్గరా వసూలు చేశారు, అప్పుడు రేపు పోయేవాళ్లని గుర్తుకు రాలేదు! అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్లందరూ అద్దెవాళ్లే. అక్కడ అద్దెవాళ్ల సంఘాలకు మూడేళ్లకొకసారైనా ఎన్నిక జరగాలని కేంద్ర నిబంధన ఉంది. అది అంతటా సజావుగా సాగుతోందని కాదు, రాత అయితే ఉంది. మనకు రాతా లేదు.

మనవాళ్లకు నచ్చిన దేశం సింగపూరు. అక్కడ అపార్టుమెంట్ల దగ్గర 1978లో పెట్టిన నివాసుల కమిటీలకు ఎన్నికలు లేవు. దాన్ని పట్టుకుని చూశావా అంటారు. చూశాను. కానీ లిఫ్టులూ కాలవలూ చూసే టౌన్ కౌన్సిళ్లను 1988 చట్టంతో అక్కడి ఎంపీల చేతికిచ్చారు. లిఫ్టు ఆగితే ఎంపీ ఓటు తగ్గుతుంది. మన దగ్గర మోటారు ఆగితే ఎవడి ఓటు తగ్గుతుంది?

కక్షలొస్తాయట. ఇప్పుడు లేవా? మా చెల్లెలి వీధికి నీళ్లు ఆలస్యంగా ఎందుకొస్తాయో వీధిలో చంటిపిల్లాడు కూడా చెప్తాడు.

సరే, నువ్వేం చేయమంటావంటే, నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. గ్రామ సచివాలయంలో ఉద్యోగులున్నారు, ఒకాయన ఒక ఆదివారం కూర్చోవాలి. ఆరునెలలుగా కాపురమున్న ప్రతి గడపకూ చీటీ, సొంతమా అద్దెనా అనవసరం. పట్టాలు ఆడవాళ్లవి కాబట్టి సంఘంలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి, వాళ్ల తరఫున మొగుళ్లు వచ్చి కూర్చుంటే లేపి పంపాలి. బడి నుంచి ఒక అట్టపెట్టె తెస్తే చాలు. గడువు రెండేళ్లా మూడేళ్లా, మధ్యలో దించేయడమెలా, లెక్కలెవరు చూడాలి, ఇవన్నీ కాలనీవాళ్లే తేల్చుకుంటారు, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. తాళంచెవి మాత్రం ఒకరింట్లో వేలాడకూడదు.

వచ్చే ఆదివారం అంగన్‌వాడీ వరండాలో మళ్లీ మీటింగట. పొడుగు నోటుబుక్కు తిరుగుతుంది. మా చెల్లెలు స్కేలొకటి కొనుక్కుంది. సంతకం పెట్టేముందు పైనున్న ఖాళీ జాగాకు అడ్డంగా గీత కొడుతుందట.