సవర మీ నోటనే నిలవాలి

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల్లోని సవర తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి మేం, మైదానం తెలుగువాళ్లం, ఏటా దండలు వేస్తాం. ఆ పోరాటం కంటే ముందే ఆయన మీ భాష పట్టుకున్నారన్న సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తాం. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవరలను ఇంట్లో ఉంచుకుని, మాట మాటా అడిగి రాసుకున్నారాయన. మీ పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. మన్యంలో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు క్వినైన్ మింగీ మింగీ ఆయనకు చెవుడొచ్చింది. మీ మాట వినడానికి చెవులే పోగొట్టుకున్న మనిషి!

అంతగా ఏం విన్నారాయన? మీ అమ్మ మాట్లాడుతుంటే గమనించండి. కొన్ని మాటల దగ్గర గొంతు ఠక్కున మూసుకుని ఊపిరి లోపలే ఆగుతుంది. ఆ ధ్వనికి మా అక్షరమాలలో చోటే లేదు. మీ లెక్క చూడండి: పన్నెండు మిగ్గల్, పదమూడు మిగ్గల్‌బోయ్, అంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిది దాకా పన్నెండు మీదే పేర్చుకుపోయి, ఆపైన ఇరవైలతో ఎంచుతారు. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి! పులిని పట్టడం చెప్పాలంటే పులి పేరు కురచై క్రియలోనే ఇమిడిపోతుంది, అంతా కలిసి ఒక్క మాట. దీన్ని వెనకబడ్డ భాష అనేవాళ్లు ఒక్క పూటైనా చెవి పెట్టి విన్నవాళ్లు కారు.

2011 జనగణనలో సవర మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైనే. ఆ అంకె చూసి ధీమాగా ఉండకండి. హాస్టల్లో నవ్వుతారనీ, సంతలో చులకన చేస్తారనీ నోరు నొక్కుకునే పిల్లలు ఏ లెక్కకూ అందరు. అమ్మతో సవరలోనూ, చంటిబిడ్డతో తెలుగులోనూ మాట్లాడే తరం ఒక్కటొస్తే చాలు, భాష అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు నిఘంటువు మిగిలినా, దాన్ని పలికే గొంతు మిగలదు.

తెలుగు చదవండి, ఇంగ్లీషు చదవండి, పెద్ద ఉద్యోగాలు చేయండి. అందుకు సవర వదలాల్సిన పని లేదు. 1936లో మంగై గొమాంగో మీ భాషకు చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌కెక్కింది. అది రాకపోతే తెలుగు అక్షరాల్లోనే మెసేజీలు పెట్టుకోండి. మీ మామ్మ పాడే పాటలు, ఆమెకు తెలిసిన చెట్ల పేర్లు, విత్తనాల పేర్లు ఫోన్లో రికార్డు చేయండి. వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టండి. తమ్ముడు తెలుగులో అడిగినా సవరలోనే బదులివ్వండి.

మైదానంలోని తెలుగు యువతకూ ఒక మాట. రేపు మీలో ఎవరో ఆ కొండబడికి టీచరుగా వెళతారు. ఒకటో తరగతి పిల్లవాడు సవరలో జవాబు చెబితే కసరకండి, తప్పని కొట్టేయకండి. ఆ మాట మళ్లీ చెప్పించుకుని, వాడి దగ్గర మీరూ నేర్చుకోండి.